పదమూడో తారీకు పెళ్ళి

పెద్దనాన్నకు నమస్కారాలు,

రిజిస్ట్రారు ఆఫీసులో నా పెళ్ళికి వచ్చే నెల పదమూడో తారీకు ఇచ్చారు. మీరు బైండు చేసి పంపిన కేలెండరులో చూస్తే అది శుక్రవారం. లాండ్రీ నడిపే మా కాబోయే అత్తగారు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, “పదమూడూ శుక్రవారమూ కలిస్తే కొంప మునుగుతుంది, వద్దు” అన్నారు. ఎందుకని అడిగితే, “అందరూ అంటారుగా” అన్నారు. పెళ్ళికొడుకు ఓడలో వంటవాడని తెలుసుగా, పద్నాలుగున ఓడెక్కితే మళ్ళీ ఏడాదికి గాని దిగడు. బైండింగుకొచ్చిన ప్రతి పుస్తకమూ చదివాక గాని కుట్టని మనిషి మీరు. ఈ భయానికి మొదలెక్కడో రాయండి. మొదలు తెలిస్తే భయం పోతుంది కదా.

మీ పిచ్చుక

తా.క. ఆవిడకు మీరంటే గురి. మీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయట.

చిరంజీవి పిచ్చుకకు ఆశీస్సులు,

భోజనాల బల్ల దగ్గర మొదలైందంటారు. (లోకంలో సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. మీ పెద్దమ్మ సంగతి మరోసారి.) క్రీస్తు ఆఖరి విందులో బల్ల దగ్గర పదమూడుమంది, వాళ్ళలో ఒకడు ఆయన్ని పట్టించాడు. మర్నాడు శుక్రవారం, సిలువ. అంకె భయం ఒకచోట, వారం భయం ఒకచోట పుడితే, చాలాకాలానికి ఎవరో రెండూ కలిపి కుట్టారు. అదైనా ఖాయమని ఎవరూ చెప్పలేరు. ఒక పుస్తకం కాగితాలు ఇంకో పుస్తకం అట్టలో కుట్టడం నా వృత్తిలో చూడనిదా?

పెద్దనాన్న

తా.క. ఆమెకు నిదానంగా, ఆగి ఆగి చదువు.

పెద్దనాన్నకు,

ఆగి ఆగి చదివాను. అదే కొంప ముంచింది. ఇన్నాళ్ళూ ఆవిడకు భయం ఒక్కటే ఉండేది, ఇప్పుడు ఆధారం కూడా దొరికింది. మీ ఉత్తరాన్ని మడతలు పోయేలా ఇస్త్రీ చేసి ప్రార్థన పుస్తకంలో దాచుకున్నారు. దుప్పట్లకొచ్చిన వాళ్ళందరికీ ఆ కథ అప్పజెబుతున్నారు. విందుకొచ్చే వాళ్ళను లెక్కపెట్టారు. మీతో కలిపి పదమూడు. పెళ్ళికొడుకు ఓడకు పెట్టె సర్దుకుంటున్నాడు.

మీ పిచ్చుక

తా.క. ఇంకో ఉత్తరం రాయండి. పొట్టిగా.

చిరంజీవి పిచ్చుకకు,

ఆమెను ఒక్క ముక్క అడుగు. ఆ శుక్రవారం అంత చెడ్డదైతే, భక్తులే దాన్ని శుభ శుక్రవారమని ఎందుకంటున్నారు?

పెద్దనాన్న

తా.క. నేను రాకపోతే పన్నెండే కదా అని ఆమె అనకముందే చెబుతున్నాను, వస్తాను.

పెద్దనాన్నకు శతకోటి నమస్కారాలు,

అత్తగారు ఒప్పుకున్నారు. కాస్త ఎక్కువే ఒప్పుకున్నారు. శుక్రవారం కాకపోతే అసలు ఈ పెళ్ళే వద్దంటున్నారు. వీధి వీధంతా చెప్పి వచ్చారు. పెళ్ళికొడుకు సర్దిన పెట్టె విప్పాడు.

మీ పిచ్చుక

తా.క. రిజిస్ట్రారు గుమాస్తా రసీదు మీద పదమూడు, గురువారం అని రాశాడు. మీ కేలెండరు తీసుకెళ్ళి చూపించి దిద్దించనా?

పిచ్చుకా,

గుమాస్తా జోలికి వెళ్ళకు. అతను రాసిందే ఒప్పు. మిగిలిపోయిన అయిదేళ్ళ కిందటి కేలెండరు కాగితాలు పారెయ్యడానికి మనసొప్పక, ఈ ఏడాది అట్ట వేసి కుట్టి చుట్టాలకు పంచాను. గోడకు బొమ్మ ఉంటే చాలు, లోపల ఎవరు చూస్తారులే అనుకున్నాను. అత్తగారితో నా మాటగా చెప్పు: ముందు గురువారం రాకుండా శుభ శుక్రవారం వచ్చిందా? గుమ్మం దాటకుండా ఇంట్లోకి ఎవరైనా వచ్చారా? గురువారం గుమ్మమమ్మా. ఈసారి మాత్రం ఎక్కడా ఆగకుండా చదువు.

పెద్దనాన్న

తా.క. ఆ పదమూడుమందీ బల్ల దగ్గర కూర్చున్నది గురువారం సాయంత్రమే. ఈ ముక్క చింపేశాకే ఉత్తరం ఆవిడ చేతికివ్వు. నేను బయల్దేరుతున్నాను, కాని విందులో నిలబడే తింటాను. నమ్మకమేం కాదు, మోకాళ్ళు వంగవు.