మీరు అని నేర్పిన ఫ్రెంచి

పిన్నిగారికి,

నమస్కారాలు. మీరు క్షేమంగా ఇల్లు చేరారని నాన్న ఫోన్ చేసి మా హాస్టల్ వార్డెన్‌కి చెప్పారట. నేనూ ఫోన్ చేద్దామనుకున్నాను కానీ, ఇక్కడ ఫోన్ దగ్గర నిలబడితే వెనక పదిమంది చెవులు రిక్కించుకుని ఉంటారు. ఈ సంగతి వాళ్ళు వినేది కాదు. అందుకే ఉత్తరం.

శనివారం మా ఫ్రెంచి క్లాసు వేడుకలో జరిగిన తప్పు మీది కాదు, నాది. పొరపాటున చేసిందీ కాదు. తెలిసి చేశాను.

ఫ్రెంచిలో ఎదుటి మనిషిని పిలవడానికి రెండు మాటలున్నాయి, తు అని ఒకటి, వూ అని ఒకటి. ఇది మా బుర్రలకెక్కడానికి పీరియడంతా పడుతుందని మేడమ్ బోర్డు నిండా బొమ్మలు గీసుకుని వచ్చారు. మాకు అర నిమిషం పట్టలేదు. నువ్వు, మీరు, అంతేగా! ఆవిడ పాపం నీరుగారిపోయారు. అయితే ఆ దేశంలో ఇంట్లోవాళ్ళందరినీ తు అనే అంటారట. వూ అనేది పైఅధికారులకీ, షాపులో మనిషికీ, ముక్కూ మొహం తెలియనివాళ్ళకీనట.

వేడుకలో ఒక్కో పిల్లా ఇంటినుంచి వచ్చిన పెద్దవాళ్ళతో బల్ల దగ్గర కూర్చుని, పొద్దున్న కాఫీ తాగుతూ తల్లీపిల్లలు మాట్లాడుకునే పది మాటలు అప్పజెప్పాలి. మేడమ్ ఇచ్చిన కాగితంలో నేను అనాల్సినవన్నీ తులే. నేను కూర్చుని ఒక్కొక్క తునీ వూగా మార్చి, దానికి తగ్గట్టు క్రియల తోకలు కూడా మార్చి, నా చేత్తో రాసి మీకు పోస్టు చేశాను. గ్రామరు మాత్రం ఎక్కడా తప్పలేదు. దానికైతే నాకు పదికి పది వెయ్యాలి.

మీరు రెండు బస్సులు మారి వచ్చారు. బోంజూర్ అని మీరు పలికిన తీరుకి పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు, నాకెంత గర్వంగా అనిపించిందో మీకు తెలియదు. తరవాత నేను కాఫీ కావాలా అని వూ పెట్టి అడగ్గానే మేడమ్ ఆపేశారు. అమ్మని పట్టుకుని వూ అంటావేంటి, ఆవిడేమన్నా నీ షాపుకొచ్చిన కస్టమరా అన్నారు. అందరూ నవ్వారు. తల కొట్టేసినట్టయింది నాకు. అప్పుడు మీరే లేచి నిలబడ్డారు.

"పాప తప్పు కాదండీ. తు అనడానికి నాకు నోరు తిరగట్లేదు. అందుకని నేనే ఇద్దరి మాటల్లోనూ వూ పెట్టించాను."

నాకోసం అంతమందిలో అబద్ధమాడారు. అది తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

ఎందుకు మార్చానో కూడా చెప్పేస్తాను. మీరు మా ఇంటికొచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. నాలుగోరోజునో ఐదోరోజునో నాన్నమ్మ నాతో, పిన్నిని కూడా అమ్మలాగే నువ్వు అనవే అంది. సరేనన్నాను. ఆ సాయంత్రం మీరు వంటింట్లో నాన్నమ్మతో, "వద్దండీ, నన్ను మీరు అనే అననివ్వండి" అన్నారు. నేను తలుపు వెనకే ఉన్నాను. నేను మీకు అక్కర్లేదని అనుకున్నాను. ఆ రోజునుంచీ పంతం పట్టి మీరు అంటున్నాను. చూసినవాళ్ళంతా ఎంత మర్యాద తెలిసిన పిల్లో అంటారు. మర్యాద కాదు పిన్నీ, అది కోపం. ఏడేళ్ళ కోపం.

మీకు ముఖం చూపించలేను. ఈ సెలవులకి ఇంటికి రాను, అత్త దగ్గరికి వెళ్తాను. నాన్నకి మీరే ఏదో ఒకటి చెప్పండి.

మీ,
గొణుగుడమ్మ

---

మా గొణుగుడమ్మకి,

నీ ఉత్తరం షాపులో కౌంటర్ దగ్గరే చదివాను. కళ్ళజోడు కోసం వచ్చిన పెద్దాయన, అద్దాలమ్మే మనిషివి, నీకే కళ్ళు మసకేశాయేంటమ్మా అన్నాడు. ఆయనకి ఎడమకంటి అద్దం కుడివైపు బిగించి ఇచ్చాను. మళ్ళీ పరిగెత్తుకొచ్చాడు. ఈ పాపం నీదే.

ముందు శనివారం సంగతి. మా షాపుకి ఒక రిటైరైన టీచరుగారు వస్తుంటారు, ఫ్రెంచి చెప్పేవారట. నువ్వు పంపిన కాగితం చూపించి పలకడం నేర్పమన్నాను. చూస్తూనే, ఇవి తల్లీకూతుళ్ళ మాటలా, బ్యాంకు మేనేజరుతో మాటలా అన్నారావిడ. పెన్ను తీసి దిద్దబోతే చెయ్యి అడ్డం పెట్టాను. మా పిల్ల ఎలా రాసిందో అలాగే నేర్పండి అన్నాను. కాబట్టి నాకు పదిహేను రోజుల ముందే తెలుసు. ఇంటికెళ్ళి గిన్నెలు తోముకుంటూ కాసేపు ఏడ్చాను. తరవాత వూ వూ అనుకుంటూ బట్టీపట్టాను.

ఇక వంటింటి సంగతి. సగం వినేసి వెళ్ళిపోయావే తల్లీ! ఇంకో నిమిషం ఆగి ఉంటే మిగతాది కూడా వినేదానివి. మీ అమ్మ పోయి అప్పటికి ఏడాదన్నా కాలేదు. నువ్వు నిద్దరలో నువ్వెక్కడున్నావమ్మా అని పిలిచేదానివి. నా చెవులారా విన్నాను. అందుకే మీ నాన్నమ్మతో, "నువ్వు అనే మాట వాళ్ళమ్మది. నేను లాక్కోను. దానంతటది అన్ననాడు అననివ్వండి" అన్నాను.

అన్నానే కానీ, అంత పెద్దమనసు నాకెక్కడిది? మొదటి ఏడాది బాగానే ఉంది. ఆ తరవాత నువ్వు మీరు అన్నప్పుడల్లా గుండెలో కలుక్కుమనేది. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఏం పోయేదని ఎన్నిసార్లు నన్ను నేను తిట్టుకున్నానో. అడుగుదామంటే నోరు రాలేదు. అడిగి పిలిపించుకుంటే ఏం బావుంటుంది?

నువ్వు నాకు కావాలి. కావాలి అంటే కావాలి, అంతే. మీరు అను, వూ అను, ఏమీ అనకుండా మూతి ముడుచుకుని కూర్చో, ఇంటికి మాత్రం రా. మీ అత్తకి కబురు పెట్టకు.

పిన్ని

---

పిన్నీ,

ఈ కాగితం నాలుగోది. మూడు చింపేశాను. మొదటి వాక్యంలోనే చెయ్యి అలవాటుకొద్దీ మీరు అని రాసేస్తోంది.

ఆ రోజు అంత దగ్గరగా ఉండి కూడా నేను సగమే విన్నాను. ఏడేళ్ళు నువ్వు ఒక్కదానివే మిగతా సగం మోశావు. నాకు ఒక్కసారి చెప్పి ఉండొచ్చుగా! దీనికి నీతో పోట్లాడాలి. ఉత్తరంలో కాదు, ఎదురుగా కూర్చుని.

అమ్మ సంగతి నువ్వేం బెంగపెట్టుకోకు. ఆ మాట తనదగ్గరా ఉంటుంది, నీదగ్గరా ఉంటుంది. ఏమీ తరిగిపోదు.

శుక్రవారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. బస్టాండుకి నువ్వే రా, నాన్నని పంపకు. రాయడం వచ్చింది కానీ నోటితో అనడం ఇంకా రాలేదు, గదిలో గోడకి చెప్పుకుని చూస్తున్నాను. బస్సు దిగగానే కంగారులో మీరు అనేస్తానేమో. విననట్టు ఊరుకో. మళ్ళీ పిలుస్తాను.

నీ,
గొణుగుడమ్మ