పొలిమేర దాటని వైరు

నెట్టు కంపెనీ మేనేజరు బాలచంద్రకు నిమ్మగుంటపల్లె సిద్ధమ్మ రాసేది.

నీ క్షేమం నేనడగను. నా ఇంట్లో నెట్టు డబ్బా బిగించిపోయి నెలయింది. వైరు మాత్రం పొలిమేర కాడి స్తంభానికే వేలాడతా ఉండాది. ఫోన్ చేస్తే, ఫిర్యాదు నెట్టులో పెట్టమని ఒక ఆడగొంతు చెప్తాది. నెట్టు రాలేదని నెట్టులో యాడ పెట్టేదప్పా?

వచ్చే శుక్రవారం నా మనవరాలు కోమలికి నెట్టులోనే ఉద్యోగం ఇంటర్వ్యూ. ఈడ ఫోన్ సిగ్నలు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. గంగమ్మ జాతరకు చాటింపు వేసేసినారు. అది అయ్యేదాకా మా ఊరోళ్లు పొలిమేర దాటకూడదు, కాబట్టి బయటికి పోయి మాట్లాడే దారీ లేదు. ఆ శుక్రవారం లోపల మనిషిని పంపు.

మండిపోతా,
సిద్ధమ్మ

తా.క.: ఈ ఉత్తరం పాలవ్యాను డ్రైవరు చేతికిస్తా ఉండా. మీ వైరు కన్నా ఆ వ్యాను మేలు.

*

గౌరవనీయులైన సిద్ధమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. మా టెక్నీషియన్ మునికుమార్ బుధవారం మీ ఊరికి వచ్చాడు. పొలిమేరలో ఒక పెద్దావిడ వేపమండతో అడ్డం నిలబడి, నోటికొచ్చినట్టు తిట్టి తరిమేసింది. ఆమె ఎవరో కనుక్కొని మీరే బుద్ధి చెప్పగలరు. అంతవరకు మనిషిని పంపలేము.

భవదీయుడు,
బాలచంద్ర

తా.క.: అతని ఎడమకాలి చెప్పు మీ ఊళ్లోనే ఉండిపోయింది. దయచేసి పంపగలరు.

*

బాలచంద్రా,

బుద్ధి చెప్పమన్నావే, ఆ ముసలిదాన్ని నేనే.

దీపాలు పెట్టే వేళకు ఒకడు భుజాన తీగచుట్ట వేసుకొని వచ్చినాడు. పని ముగిసేసరికి రాత్రవుతాది, ఈడే పడుకుంటానన్నాడు. చాటింపు వేసినాక బయటోళ్లు ఊళ్లో నిద్ర చేయకూడదని తిరుపతిలో ఉండి ఏటా గంగమ్మ జాతర చూసే నీకు ఒకరు చెప్పాల్నా? ఈ ఏడు పొలిమేర కాపలా వంతు నాది. బట్టలారేసే తీగ అమ్మేవాడనుకొని తరిమినాను. నెట్టోడినని ఒక్క మాట చెప్పినాడా? చెప్పేదాకా నేను ఆగలేదు, అది వేరే సంగతి. నెలంతా ఊరుకొని, పొద్దుగూకినాక పంపింది నువ్వు కాదా?

శుక్రవారం కోమలి ఫోను పట్టుకొని మిద్దె మీద ఆ మూలకీ ఈ మూలకీ తిరిగింది. అవతలోళ్లు వినపడలేదని పెట్టేసినారంట. ఆ బిడ్డ అన్నం తినలేదు, నాతో మాట్లాడలేదు. నా చేత్తోనే దాని నోట్లో మట్టి కొట్టించినావు కదా!

సిద్ధమ్మ

తా.క.: చెప్పు కుక్క ఎత్తుకపోయింది. అదన్నా సుఖపడనీ.

*

గౌరవనీయులైన సిద్ధమ్మ గారికి,

మీ ఫిర్యాదు అందింది. జరిగిన ఆలస్యానికి చింతిస్తున్నాము. రేపు ఉదయం మునికుమార్ వచ్చి మీ ఇంటికి వైరు లాగుతాడు.

భవదీయురాలు,
కోమలి,
ఫిర్యాదుల విభాగం

తా.క.: అవ్వా, నేనే. జాతర ముగిసిన తెల్లారే నీకు చెప్పకుండా పాలవ్యాను ఎక్కినాను కదా, వచ్చింది ఈడికే. ఆ పొద్దు వినపడలేదని ఫోన్ పెట్టేసింది ఈ ఆఫీసోళ్లే. మీ వైరు రాకనే మీ ఇంటర్వ్యూ పోయిందని బాలచంద్ర సారు ముందర నిలబడి అరిచినాను. అచ్చం నీ గొంతే వచ్చింది. ఆయన చెంబుడు నీళ్లు తాగి, ఫిర్యాదులు చూసుకునేదానికి ఇట్లాంటి పిల్లే కావాలన్నాడు.

నీ మీద నాకు కోపం ఇంకా పోలేదు. మునికుమార్‌కు ముందు కాఫీ ఇయ్యి, మాటలు తర్వాత. పొద్దున్నే రమ్మని నేనే గట్టిగా చెప్పినాను. పొద్దుగూకినాక వచ్చినాడో, వేపమండ యాడుండాదో నీకు తెలుసు.