నడుముకిచ్చే మత్తు

కాశిబుగ్గ, వరంగల్
ఆదివారం

చెల్లె సుభాషిణికి,

మీ ఆయన దినాల నాడు నేను తాగి వచ్చినందుకు నువ్వు నాతో మాట్లాడటం మానేసి మూడేళ్లయింది. తప్పు నాదే. ఇప్పుడు రాయడానికి వేరే కారణం ఉంది.

వచ్చే గురువారం పెద్ద దవాఖానలో నాకు హెర్నియా ఆపరేషన్. తాగుడు అలవాటుందా అని మత్తు డాక్టరమ్మ అడిగితే లేదన్నాను. ఆమె రిపోర్టులు చూసి నవ్వింది.

"నువ్వు దాచినా నీ లివర్ దాస్తలేదు బాపూ. రోజుకెంత?"

నేను రోజూ రాసుకునే పుస్తకం తీసి ఇచ్చాను. తాగింది కూడా అందులో ఉంటుంది. నాలుగు పేజీలు తిప్పేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది.

"నరంల ఇచ్చే మత్తును లివరే కరిగించి బయటికి పంపాలె. నీది సగం పని కూడ చేస్తలేదు. మత్తు ఒంట్లనే నిలిస్తే ఎప్పుడు లేస్తవో చెప్పలేం. అందుకే నడుముల సూదిస్తం. జరంత మందే సరిపోతది, నెత్తురుల ఎక్కువ కలవది. నడుము కిందికి తిమ్మిరెక్కుతది గని నువ్వు మెలకువతోనే ఉంటవు. ఫికర్ చెయ్యకు."

కాగితాల మీద సంతకం పక్కింటి చాంద్ పాషా పెడతానన్నాడు. అన్నం కూడా వాళ్లింటి నుంచే వస్తుంది. ఆ పనుల కోసం నిన్ను పిలవడం లేదు. పూర్తి మత్తు ఇస్తారనుకున్నన్నాళ్లు ఎవరూ రాకపోయినా ఫరవాలేదనుకున్నాను. నిద్రపోయినవాడికి ఏం తెలుస్తుంది? ఇప్పుడు గంటన్నర సేపు కళ్లు తెరిచి పడుకోవాలి.

వీలైతే ఆ రోజు డోర్నకల్ నుంచి పొద్దుటి బండికి రా. నాతో మాట్లాడకపోయినా సరే. నిన్ను లోపలికి రానివ్వరు. తలుపు బయట బెంచీ మీద నువ్వు కూర్చున్నావని లోపల నాకు తెలిస్తే చాలు.

మీ అన్న