రాతి మీద వంటవాడి పేరు లేదు

అమ్మాయికి, నాన్న దీవెనలు. క్షేమంగా చేరాను. మోకాలు బాగానే ఉంది, కంగారు పడకు. ఒళ్లు మాత్రం కోపంతో మండిపోతోంది.

యుద్ధంలో మా ఓడ మునిగినప్పుడు పోయినవాళ్ల పేర్లు రాతి మీద చెక్కించి, నిన్న రేవులో ఆవిష్కరించారు. అందులో మా వంటవాడి పేరు లేదు. టార్పెడో తగిలి ఓడ ఒరిగిపోతుంటే, తన లైఫ్ జాకెట్ విప్పి నాకు తొడిగి, "నాకు ఈత వచ్చులేరా, నువ్వు దూకు" అంటూ నన్ను నీళ్లలోకి నెట్టినవాడు. అతనికి ఈత రాదని తర్వాత అతని భార్య చెబితే తెలిసింది. పేర్ల జాబితా రాసిన గుమాస్తాను నిలదీస్తే, "వంటవాడు సైనికుడు కాదండీ, రూలు ఒప్పుకోదు" అన్నాడు. "ఆ రూలేదో టార్పెడోకి చదివి వినిపించకపోయారా?" అని అందరి ముందూ కడిగేశాను.

అంతలో వంటవాడి భార్య వచ్చింది. చదువు రాదు. పేర్ల మీద వేలు జరుపుతూ, "మా ఆయనది ఏది తమ్ముడూ?" అంది. లేదని చెప్పలేక, "ఇంకా చెక్కుతున్నారు వదినా" అనేశాను.

నా ట్రంకుపెట్టె అడుగున ఓడ మీద తీసిన ఫొటో ఉంది. అందులో వంటవాడు మాతోపాటు ఫిరంగికి గుండ్లు అందిస్తున్నాడు. ఈ ఉత్తరం అందగానే రిజిస్టరు పోస్టులో పంపు, ఆ గుమాస్తాకి చూపిస్తాను. వంటింటి కప్పు ఇంకా కారుతోందా? చంటిదాని దగ్గు తగ్గిందా? అల్లుడికీ పిల్లలకీ ఆశీస్సులు. వదినతో అన్న మాట నిజమయ్యేదాకా నేనిక్కడి నుంచి కదలను.

నాన్న