మినహాయింపుల్లేని అక్టోబరు

అక్టోబరు 5, ఉదయం 8.10
నేటి నుంచి ఫ్యాక్టరీ అంతటికీ ఒకే భద్రతా నియమం. పన్నెండు అక్షరాల పాస్‌వర్డ్. ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే తెరకు తాళం. డొమైన్ సర్వరులో ఒక్కసారి రాశాను, నలభై ఒక్క కంప్యూటర్లూ పాటించాల్సిందే.
మినహాయింపులు: సున్నా!
మా క్యాప్సికం పచ్చడి కొనే కంపెనీ వచ్చి కంప్యూటర్ల భద్రత తనిఖీ చేసేది ఇరవై ఎనిమిదిన. నెగ్గితే నా ఉద్యోగం పర్మనెంటని డైరెక్టరు మిహైల్ గారు మాటిచ్చారు. మా ఇంట్లో పుస్తకం పట్టిన మొదటిదాన్ని నేనే.

అక్టోబరు 7
అమ్మ రాంగెలీనా ఇక్కడే తొక్క తీసే విభాగంలో పనిచేస్తుంది. బుట్ట తూచిన ప్రతిసారీ కంప్యూటరులో బరువు నొక్కాలి. తడి గ్లవుజులతో పాస్‌వర్డ్ పడటం లేదట. కుదరదన్నాను.
"నిన్ను చదివించింది నా కంప్యూటరుకి తాళం వెయ్యడానికటే?" అంది, అందరి ముందూ.

అక్టోబరు 8
11.00. అమ్మ కంప్యూటరు సొంత సెట్టింగుల్లో మాత్రం తాళం తీసేశాను. ఇది మినహాయింపు కాదు, మర్యాద.
12.30. సర్వరు తన నియమాన్ని మళ్ళీ రుద్దింది. నా మార్పు గల్లంతు. తూకం ఆగింది, క్యాప్సికం నేలపాలు. డొమైన్ మాటే పైమాట అని పరీక్షలో రాసి పదికి పది తెచ్చుకున్నదీ నేనే.

అక్టోబరు 14
సెయింట్ పెట్కా పండగ. ఏ సెయింటు పండగకి ఆ పేరున్నవాళ్ళు ఏమడిగినా కాదనకూడదని మా దగ్గర ఆచారం. లెక్కల విభాగం పెట్కా పిన్ని వేడి వేడి బానిత్సా తెచ్చి, తన తెరకు తాళం వద్దంది.
"నా జున్నురొట్టె తింటూ కాదంటావా తల్లీ?"
సర్వరులో 'మినహాయింపులు' అనే గుంపు పెట్టాను. సభ్యులు: ఒకరు.
మధ్యాహ్నం అమ్మ వచ్చి నిలబడింది. తడి గ్లవుజులు తీసి నా బల్ల మీద పెట్టింది.
సభ్యులు: ఇద్దరు.

అక్టోబరు 26
సెయింట్ దిమితర్ పండగ. ఫ్యాక్టరీలో దిమితర్లు తొమ్మిదిమంది, దిమిత్రినాలు ఆరుగురు. పదిహేను కేకులు. మిగతావాళ్ళు మేమేం పాపం చేశామన్నారు.
గుంపులో: ముప్పై ఎనిమిది.

అక్టోబరు 28
తనిఖీకి వచ్చినావిడ మినహాయింపుల జాబితా రెండుసార్లు చదివింది.
"మరి ఈ నియమం ఎవరికమ్మా?"
మూడు కంప్యూటర్లకి. నాది, గోడౌన్లో చెడిపోయినది, గేటు కాపలాదారుది. తనకు కంప్యూటరుందని అతనికి ఇవాళే తెలిసింది.
నవంబరు తొమ్మిదిన మళ్ళీ వస్తారట. నా పర్మనెంటూ ఆ రోజుకే వాయిదా.

అక్టోబరు 29, ఉదయం 8.10
గుంపు చెరిపేశాను. నేటి నుంచి మినహాయింపులు: సున్నా!
క్యాలెండరు చూశాను. నవంబరు ఎనిమిదిన దేవదూతల పండగ: మిహైళ్ళదీ, రాంగెలీనాలదీ. అంటే డైరెక్టరు గారిదీ, అమ్మదీ. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో దాక్కుంటాను.
సాయంత్రం 6.40. అమ్మ అప్పుడే బానిత్సాకి పిండి తెచ్చేసింది. పండగకి డైరెక్టరు గారిని కూడా మా ఇంటికే పిలిచిందట.