సంతకం పెట్టిన తెల్లకాగితాలు

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అత్తయ్య, పాప, నేను, నాలుగు కుట్టుమిషన్లూ క్షేమం. అక్కడ వంతెన పని ఎంతవరకు వచ్చిందో, మీ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయండి.

మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. వరసగా చెబుతాను. అత్తయ్యకి డాక్టరు మందు మార్చారు, తేడా తెలుస్తోంది. పెరటి తలుపుకి కొత్త గడియ వేయించాను. ఇక మూడోది. నలుగురు ఆడవాళ్లు దుప్పట్లు కుట్టుకోవడానికి కంపెనీ ఎందుకు, రేపు మునిగితే ఇల్లు పోదా అని అడిగారు. పోకూడదనే కంపెనీ. లిమిటెడ్ అంటే అదేనట. మేం పెట్టిన వాటా వరకే నష్టం, మన గుమ్మం దాకా రాదు. పైగా ఆసుపత్రి వాళ్లు ఏడాది పొడుగునా దుప్పట్లు, రోగుల గౌన్లు కుట్టే పని ఇస్తామంటున్నారు గానీ, రిజిస్టరైన కంపెనీకే ఇస్తారట. నెలాఖరులోగా రిజిస్ట్రేషను పత్రం చూపించాలి.

నేనూ మీ చెల్లెలూ డైరెక్టర్లం. పేరు దగ్గరే వారం గడిచింది. మేం అనుకున్న రెండు పేర్లూ అప్పటికే ఎవరో పెట్టేసుకున్నారు. పిల్లలకి పేరు పెట్టడమే నయం, పక్కింట్లో అదే పేరున్నా ఎవరూ తిప్పి పంపరు అని మీ చెల్లెలు ఒకటే విసుక్కుంది. మూడోది కుదిరింది. ఫారాలన్నీ నేనే నింపాను. వృత్తి అన్నచోట చెయ్యి అలవాటుగా గృహిణి అని రాసేసింది. కొట్టెయ్యలేదు, పక్కన కుట్టుపని అని చేర్చాను.

ఇంతవరకూ దాటేస్తూ వచ్చిన సంగతి ఒకటుంది.

కంపెనీకి చిరునామా కావాలి. మన ముందు గది ఇచ్చాను. ఇల్లు మీ పేరున ఉంది కనక, మీకు అభ్యంతరం లేదని మీ సంతకంతో కాగితం తెమ్మన్నారు. మీరు వెళ్లేటప్పుడల్లా బడికో బ్యాంకుకో పనికొస్తాయని, సంతకం పెట్టిన తెల్లకాగితాలు బీరువాలో ఉంచుతారు కదా. వాటిలో ఒకటి తీశాను. మీ దగ్గర ఫోను అందదన్నది సాకు. ఉత్తరం రాసి అడగొచ్చు. మీరు వద్దంటారేమోనని అడగలేదు. సంతకానికి పైన విషయమంతా నేనే రాసి ఇచ్చేశాను.

రిజిస్ట్రేషను ఆఫీసులో గుమాస్తా పెద్దాయన ఆ కాగితాన్ని కిటికీ వైపు పట్టుకుని చూశాడు. మీ సంతకం సిరా వెలిసిపోయింది, నా రాత నిగనిగలాడుతోంది. చివరి రెండు వరుసలు సంతకం మీదికి ఎక్కకుండా ఇరికించాను, అదీ తెలిసిపోతోంది.

"సంతకం ముందు పుట్టి, విషయం తర్వాత పుట్టినట్టుందమ్మా," అన్నాడు.

పదిహేను రోజుల్లో సరైనది తెమ్మనీ, దాటితే ఆ పేరు కూడా చేజారుతుందనీ చెప్పి దస్త్రం తిరిగి ఇచ్చాడు. బయట మెట్ల మీద మీ చెల్లెలు, "అన్నయ్య సంతకమే కదా వదినా, దొంగది కాదుగా," అంది. సంతకం మీదే. మాట మాత్రం మీది కాదు.

తప్పు నాదే, క్షమించండి. కంపెనీ మాత్రం మానను. ఈ కవరులో కొత్త పత్రం ఉంది, కింద మీకు చోటు వదిలాను. మొత్తం చదవండి. ఇష్టమైతే సంతకం పెట్టి తేదీ వేసి పంపండి. ఇష్టం లేకపోతే అదీ రాయండి. వీధి చివరి దర్జీ తన కొట్టు వెనక గది అద్దెకిస్తానన్నాడు. మిషన్లు అక్కడికి మారతాయి, అంతే.

బీరువాలో మిగిలిన మూడు తెల్లకాగితాలూ ఇందులోనే పెడుతున్నాను. ఇకమీదట మీ సంతకం కావలసివస్తే ఉత్తరం రాస్తాను, జవాబు వచ్చేదాకా ఆగుతాను. ఈసారికి మాత్రం ఎక్కువ రోజులు ఆగనివ్వకండి.

ఇట్లు,
మీ ఇంటావిడ