ఐదో మంచం

మంగళవారం రాత్రి, జగిత్యాల దవాఖాన

నోటితో చెప్పుకుంటే మా ఆయనకు వినబడుతుందని ఇన్నాళ్లకు పెన్ను పట్టాను.

పొద్దున ఐదో మంచం మీది ముసలాయన చనిపోయాడు. ఈ వార్డులో మధ్య మంచం ఖాళీ అయితే అందరినీ వరుసగా జరపరు. చివరి మంచం వాళ్లను తెచ్చి అందులో వేస్తారు. మనుషుల్ని మంచం నంబరుతోనే పిలుస్తారు కాబట్టి మిగతా వాళ్ల నంబర్లు మారవు. చివరి మంచం మాదే, అందుకే మమ్మల్ని ఐదో మంచానికి మార్చారు.

"ఆ పెద్దమనిషి ఇంటికి పోయిండా?" అని ఆయన అడిగితే తలూపాను.

సాయంత్రం కొత్త నర్సు సూదిమందుతో వచ్చింది. "ఐదో నంబరేనా అమ్మా?"

"అవు బిడ్డా. పేరు గూడ చూడరాదూ?" అన్నాను.  

చేతిలోని మందుల చీటీ మీద పేరు చూసిన పిల్ల ముఖం తెల్లబడింది. "ఇది పొద్దుగాల పోయినాయన మందమ్మా. చీటీ తియ్యలే ఎవరూ."

రాజన్న దేవుడా, నేను కునుకు తీసినప్పుడు పేరు ఎవరడుగుతారు? అందుకే కళ్లు మూయకుండా కూర్చున్నాను. ఆయన మాత్రం "గీ మంచానికి గాలి మంచిగస్తాంది" అని హాయిగా పడుకున్నారు.

బిడ్డా, ఈ కాగితాలు నీకు దొరికితే దాచిపెట్టు. మీ బాపుకు చూపకు.